గ్యాస్ బిళ్ళ మందు కాదట

ఆ గదిలో నలుగురం ఉన్నాం: ఛాతీ జబ్బుల డాక్టరు, మా పెద్దమ్మ, పెదనాన్న, నేను. వెలిగే తెర మీద పక్కపక్కనే స్కాన్ ఫిల్ములు రెండు. ఒకటి చలికాలంలో తీసింది, రెండోది ఆ పొద్దునే తీసింది. బల్ల మీద స్టెతస్కోపు, బీపీ చూసే పెట్టె, ఏదో మందుల కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ ఊపిరితిత్తుల బొమ్మ. పెదనాన్న ఒళ్ళో గుడ్డసంచి, అందులో వాడేసిన క్యాప్సూళ్ళ ఖాళీ షీట్లు. తెనాలిలో మే నెల. కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద ఒక ఫ్యానూ ఆ తెరా మాత్రం నడుస్తున్నాయి.

రెండు ఫిల్ముల్లోనూ కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక గుంట కనిపిస్తోంది. గుంటలో ఒక ముద్ద ఉంది. ఆ ముద్ద బూజు. చలికాలపు ఫిల్ములో అది చిన్న నిమ్మకాయంత ఉండేది. నాలుగు నెలలు మందు వాడాక తగ్గాలి, కనీసం అలాగే ఆగాలి. కొత్త ఫిల్ములో అది గుంటను దాదాపుగా నింపేసింది. గుంట గోడ మందమైంది. పక్కన ఇంకో చిన్న గుంట మొదలైంది.

క్యాప్సూళ్ళు సరిగ్గా వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగారు. ఒక్క పూట కూడా మానలేదండి, అంది పెద్దమ్మ. పెదనాన్న సాక్ష్యం చూపిస్తున్నట్టు సంచి విప్పి షీట్లు బల్ల మీద పోశాడు. షుగరుందా, బీపీ ఉందా, వాటికేమైనా వాడుతున్నారా అని డాక్టరు మళ్ళీ అడిగారు. లేవండి. ఇంకే మందులైనా? ఏవీ లేవండి. ఆయన రాసుకున్నారు.

చలికాలంలో ఆయన మాకు చెప్పిన పద్ధతి ఇది. కొన్ని నెలలు మందుతో బూజును అణచి పెట్టాలి. ఆ తర్వాత సర్జన్ ఆ భాగం తీసేస్తాడు. కానీ తీసేశాక మిగిలిన ఊపిరితిత్తితో మనిషి బతకాలి కాబట్టి, అప్పటికి ఊపిరి బలం తగినంత మిగిలి ఉండాలి. ఇప్పుడు బూజు అణగలేదు, చుట్టూ ఉన్న ఊపిరితిత్తిని తినేస్తోంది. ఈలోగా అది ఏ రక్తనాళాన్నైనా కొరికితే, రేపల్లెలో ఇంటి నుంచి తెనాలి తీసుకొచ్చేలోపే ప్రాణం పోవచ్చు.

"మందుకు లొంగే రకమేనని ల్యాబ్ రాసిచ్చింది," అన్నారు డాక్టరు. "మరి ఎందుకు పెరిగిందో నాకూ అర్థం కావట్లేదు."

రక్తంలోకి మందు ఎంత చేరుతోందో చూడాలన్నారు. ఆ పరీక్ష ఇక్కడెక్కడా లేదు, రక్తం తీసి దూరం పంపాలి, వారం పైన పడుతుంది. తీయించుకుని రేపల్లె రైలెక్కాం. రైలు కదిలిన కాసేపటికి పెద్దమ్మ కిటికీకి తలానించి నిద్రపోయింది. ఆవిడ నోరు తెరుచుకుని ఊపిరి లాగుతుంటే నాకు కోపం వచ్చింది. అది కొత్తదేమీ కాదు, మూడేళ్ళనాటిది.

వాళ్ళకి పిల్లలు లేరు. నా ఇంటర్ చదువు వాళ్ళింట్లోనే సాగింది. రేపల్లెలో స్టేషనుకి కాస్త దూరంలో వాళ్ళది టిఫిన్ సెంటర్. పొయ్యి దగ్గర పెద్దమ్మ, డబ్బుల దగ్గర పెదనాన్న. ముప్పయ్యేళ్ళ కిందట పెద్దమ్మకి టీబీ వచ్చింది. బిళ్ళలు వాడింది, తగ్గింది. జబ్బు పోతూ పోతూ ఊపిరితిత్తిలో గుంట వదిలిపోయింది, అంతే. మూడేళ్ళ కిందట దగ్గులో రక్తం పడింది. కఫం పరీక్ష చేస్తే టీబీ కనపడలేదు. అయినా టీబీ బిళ్ళలే ఇచ్చారు, ఆరు నెలలు. తగ్గలేదు. మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఏమీ కనపడలేదు, మళ్ళీ టీబీ బిళ్ళలే. రెండుసార్లు వెతికినా దొరకని జబ్బుకి రెండుసార్లు మందిచ్చారు. రక్తం పడితే టీబీ, ఇంకేముంటుంది అన్నారు. ఇంకేముంటుందో చూద్దామని ఒక్కరికీ తోచలేదు. అన్నాళ్ళూ పెదనాన్న టిఫినుకి వచ్చేవాళ్ళకి పొయ్యి పొగకి దగ్గు అని చెప్పుకొచ్చాడు. పొయ్యి గ్యాసుది. దానికి పొగెక్కడిదని అడిగినవాళ్ళూ లేరు. చివరికి నేను సెలవు పెట్టి, తెనాలి తీసుకొచ్చి స్కాన్ తీయిస్తే బూజు బయటపడింది.

బూజు నా పని. బాపట్లలో వేరుశనగ కాయల్ని పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. తేమ ఎంత, బూజు ఎంత, దాని విషం ఎంత, ఈ మూడూ చూసి రాసివ్వడం. నెలకోసారి రైతులతో మాట్లాడాలి. అప్పుడు చెప్పేది ఎప్పుడూ ఒకటే: కాయ బాగా ఎండబెట్టండి, గాలి చొరని సంచిలో పోసి మూతి బిగించండి, లోపలున్న ఆక్సిజన్ అయిపోతుంది, బూజుకి ఊపిరాడదు, ఆగిపోతుంది. కాలేజీలో పరీక్షల్లో కూడా అదే రాశాను. ఈ జాతి బూజుకి ఆక్సిజన్ తప్పనిసరి, ఒక మార్కు. మార్కు వేశారు.

పెద్దమ్మ ఊపిరితిత్తిలో ఉన్నది నేను కాయల్లో చూసేదానికి దగ్గరి చుట్టం. అది ఉన్న చోట కూడా గాలి ఆడదు. ఊపిరితిత్తి అంటే గాలే కదా అనుకుంటాం. జబ్బు పట్టిన చోట అలా ఉండదు. బూజుని చంపడానికి వచ్చిన మన రక్తకణాలే అక్కడున్న ఆక్సిజన్ ఖర్చు చేసేస్తాయి. చుట్టూ నాళాలు నలిగి మూసుకుపోతాయి. ముద్ద మధ్యలోకి గాలి అసలే పోదు. సంచి మూతి బిగించినట్టే. నేను రైతులకు చెప్పే లెక్క ప్రకారం అది ఆగిపోవాలి. ఆగలేదు. ఎందుకు ఆగలేదో చలికాలమంతా చదివాను.

సంచిలో ఆక్సిజన్ దాదాపు సున్నా అవుతుంది. ఒంట్లో అవ్వదు, బాగా తక్కువవుతుంది. సున్నాకీ బాగా తక్కువకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో బతకడం ఈ బూజుకి తెలుసు. దాని కణం చుట్టూ ఉండే పొరకి ఒక రకం కొవ్వు కావాలి. ఆ కొవ్వు తయారీకి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గితే కొవ్వు తగ్గుతుంది, కొవ్వు తగ్గిన సంగతి కణంలో ఉన్న ఒక మీట పసిగడుతుంది. వెంటనే ఆ కొవ్వు తయారు చేసే సరంజామా అంతటినీ పెంచేస్తుంది, అందిన కాస్త ఆక్సిజన్ కూడా వృథా కాకుండా. శక్తి కోసం ఇంకో దారి పడుతుంది, పిండి పులిసినట్టు గాలి అక్కర్లేని పద్ధతిలో. ఆ మీట పాడుచేసిన బూజు ప్రయోగశాలలో గాలి తగ్గించగానే పెరగలేకపోయింది, ఎలుకలకి జబ్బు చేయలేకపోయింది. అంటే దాని జబ్బు చేసే శక్తిలో పెద్ద వాటా ఈ ఓర్పుదే.

పెద్దమ్మ వేసుకునే మందు దెబ్బ కొట్టేది సరిగ్గా ఆ కొవ్వు తయారీ మీదే. మందు అక్కడికి చేరేసరికి, గాలి లేని గుంటలో బూజు ఆ సరంజామా అంతా ముందే పెంచుకుని కూర్చుని ఉంటుంది. అలాంటిదాన్ని కొట్టాలంటే మందు నిండుగా చేరాలి. అరకొరగా చేరితే దానికి అలవాటు చేసినట్టే. ఇక ల్యాబ్ వాళ్ళు లొంగే రకమని రాసిచ్చింది గాజుపళ్ళెంలో, బయటి గాలిలో పెంచి చూసి. పెద్దమ్మ గుంటలో బయటి గాలి లేదు. ఈ మాట నేను డాక్టరుతో అంటే ఆయన తలూపారు. నిజమే కానీ అందరూ అలాగే చేస్తారు అన్నారు. అందరూ అలాగే చేస్తారు అన్న మాట నేను ఆ మూడేళ్ళలో చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ ఏదో ఒక తప్పు పక్కనే.

మర్నాడు పొద్దున కొట్లోనే ఉన్నాను. పెద్దమ్మ స్టవ్ వెలిగించకముందే కప్పుల అర వెనక్కి చెయ్యి పెట్టి ఒక షీటు తీసింది, బిళ్ళ చిదిమి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. ఆలోచించి చేసిన పని కాదు, జుట్టు ముడేసుకున్నట్టు చేసింది. అదేంటి అని అడిగాను.

"గ్యాస్ బిళ్ళరా."

రోజూ వేసుకుంటావా అంటే, పరగడుపున వేసుకోకపోతే మంటెత్తుకొస్తది కదా, అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే పెదనాన్నని అడిగింది. పెదనాన్నకీ గుర్తులేదు, ఏళ్ళయిందన్నాడు. నిన్న డాక్టరు ఇంకే మందులైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నావెందుకు అని అడిగాను.

"గ్యాస్ బిళ్ళ మందేంట్రా? అందరూ వేసుకునేదే కదా."

ఆవిడ వేసుకునే క్యాప్సూల్ పొట్టలో పులుపు ఉంటేనే కరుగుతుంది. కరిగితేనే రక్తంలోకి వెళుతుంది. గ్యాస్ బిళ్ళ పని పొట్టలో పులుపు తయారు కాకుండా ఆపడం. ఒకదాని తలుపు ఇంకోటి మూసేస్తోంది, నాలుగు నెలలుగా, ప్రతి పొద్దునా. క్యాప్సూల్ డబ్బాలో మడిచిపెట్టే కాగితం మీద ఇది రాసి ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో. ఆ కాగితాన్ని పెదనాన్న పొట్లాలకి వాడాడు.

నేను గట్టిగా మాట్లాడాను. టిఫినుకి వచ్చిన ఆటో నడిపే ఒకాయన ఇడ్లీ పళ్ళెం పట్టుకుని, "ఏంటి బాబాయ్, మీ అబ్బాయి గొడవ?" అని పెదనాన్నని అడిగాడు. గ్యాస్ బిళ్ళ వేసుకోకూడదంట అన్నాడు పెదనాన్న. ఆయన నవ్వాడు. "అయితే పిన్ని చేతి కారప్పొడి తిని మేమెట్టా బతకాలి? నాకొకటివ్వు పిన్నీ." పెద్దమ్మ ఆ షీటే అందించింది. ఆయన కూడా చిదుముకున్నాడు. అప్పుడు చూశాను, డబ్బుల డబ్బా పక్కన సోంపు గిన్నె ఉండాల్సిన చోట ఇంకో రెండు షీట్లు ఉన్నాయి. అడిగినవాళ్ళకి ఇస్తారట. మర్యాద.

ఎక్కడివో కనుక్కుందామని ఆ షీట్లు పట్టుకుని మందుల షాపుకి వెళ్ళాను. క్యాప్సూళ్ళు కొంటున్నది అక్కడే. షాపు ఆయన మంచివాడు, కుర్చీ వేశాడు. పెద్దమ్మ క్యాప్సూళ్ళతో పాటు ప్రతిసారీ గ్యాస్ బిళ్ళల షీటు ఒకటి తనే పెట్టి ఇచ్చానన్నాడు. చీటీలో లేదు కదా అన్నాను.

"చీటీలో ఉండదండి, మేమే పెడతాం," అన్నాడు. "బలమైన మందులకి పొట్ట పాడవుద్ది కదండి. పెట్టకపోతే నా మీదకే వస్తారు."

మీరు ఇచ్చే ఆ బలమైన మందుని ఈ బిళ్ళ పని చేయనివ్వట్లేదని చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, కౌంటర్ దగ్గరికి వచ్చిన ఒక ముసలాయనకి కీళ్ళనొప్పుల బిళ్ళలు కట్టి, పైన గ్యాస్ బిళ్ళల షీటు ఒకటి పెట్టి ఇచ్చాడు. నా ముందే. తప్పు చేస్తున్నానన్న ఆలోచనే ఆయన మొహంలో లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

డాక్టరుకి ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా ఆయన విన్నారు. తర్వాత, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాను కదండీ," అన్నారు. అడిగారు, నిజమే. షుగర్ అని అడిగారు, బీపీ అని అడిగారు. ఈ జిల్లాలో పుట్టి, ఇక్కడే ప్రాక్టీసు పెట్టి, గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నారా అని ఆ రెండు ముక్కలు విడిగా అడగాలని ఆయనకి తెలియకపోవడం ఏమిటి? తన చీటీల్లో సగం వాటి మీద మొదటి వరుసలో ఉండేది అదే కదా. పెద్దమ్మ దృష్టిలో అది మందు కాదు. షాపు ఆయన దృష్టిలో అది మర్యాద. డాక్టరు దృష్టిలో అది రోగి చెప్పాల్సిన విషయం. ఎవరికి వారు తమ వంతు సరిగ్గానే చేశారు. పెద్దమ్మ ఊపిరితిత్తి మాత్రం పోతోంది.

గ్యాస్ బిళ్ళ మాన్పించమన్నారు డాక్టరు. క్యాప్సూల్ కడుపునిండా అన్నం తిన్నాక వేసుకోవాలి, నీళ్ళతో కాకుండా నల్లటి కూల్‌డ్రింకుతో మింగితే మంచిది, అందులో పులుపు ఎక్కువ అన్నారు. పెద్దమ్మ నమ్మలేదు. నన్ను ఫోన్‌లో మళ్ళీ అడగమంది, అడిగాను, అదే చెప్పారు.

"తెనాలి పోయి స్కాన్లు తీయించుకుంటే కూల్‌డ్రింక్ రాశాడంట," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వింది. మొదటి వారం గడిచేసరికి నవ్వడం మానేసింది. ఏళ్ళ తరబడి వేసుకున్న బిళ్ళ ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై వస్తుంది. గుండెల్లో నిప్పు పోసినట్టుందని ఏడ్చింది. పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునేది. నేను బాపట్ల నుంచి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. పెదనాన్న ఎత్తి, "మీ పెద్దమ్మ నీ మీద కోపంగా ఉందిరా అబ్బాయ్, కాస్త పాతది ఒకటి వేసుకోనియ్యి," అనేవాడు. వద్దంటే వద్దన్నాను. ఆదివారం వెళితే చర్చి నుంచి వస్తూ నాతో మాట్లాడకుండా లోపలికి పోయింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి ఒకే ఒక్క మాట అంది.

"నీ చదువంతా నా కడుపు మీదే చూపిస్తున్నావు గదరా."

కొట్లోకి వెళ్ళాను. కప్పుల అర వెనక చెయ్యి పెట్టి వెతికాను. షీటు ఉంది, కానీ ఆ పొద్దున మిగిలిన బిళ్ళలు అన్నీ అలాగే ఉన్నాయి. తిట్టుకుంటూనే వేసుకోకుండా ఉంటోంది. అది చూశాక ఆవిడ మీద నాకు కోపం లేదు. మిగతావాళ్ళ మీద ఉన్నది రెట్టింపయింది.

ఆ రోజుల్లోనే, తెనాలిలో తీసి పంపిన రక్తం ఫలితం వచ్చింది. మందు కొలవడానికి సరిపడా కూడా లేదని రాశారు. ప్రతి పూటా వేసుకున్న మనిషి రక్తంలో మందు లేదు. ఆ కాగితం షాపు ఆయనకి తీసుకెళ్ళి చూపించాను. అయ్యో అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. బయటికి వస్తూ వెనక్కి చూస్తే ఇంకెవరికో మందులు కట్టి పైన షీటు పెడుతున్నాడు.

వానలు మొదలయ్యేసరికి కఫంలో రక్తం ఆగింది. మంట తగ్గింది. పొయ్యి దగ్గరికి ఒక మనిషిని పెట్టుకున్నారు, పెద్దమ్మ కుర్చీలో కూర్చుని చట్నీ ఉప్పు చూసేది. మందు పని చేస్తోంది. పెదనాన్న అందరికీ చెప్పాడు, పొగ దగ్గు తగ్గిందని. ఇంకో స్కాన్ తీశారు. ముద్ద పెరగడం ఆగింది, కొంచెం తగ్గింది కూడా. ఇప్పుడు తీసేయించుకోవచ్చు అని డాక్టరు మమ్మల్ని సర్జన్ దగ్గరికి పంపారు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆపరేషన్ అయితే ఎన్నాళ్ళకి పొయ్యి దగ్గర నిలబడొచ్చు అని రైల్లో రెండుసార్లు అడిగింది.

సర్జన్ మూడు ఫిల్ములూ వరుసగా పెట్టి చూశారు. చలికాలపు దాని మీద వేలు పెట్టి, ఈ దశలో ఊపిరితిత్తి బాగానే ఉంది, ఇలాంటిదైతే తీసేవాళ్ళం అన్నారు. మందు పని చేయని ఆ నాలుగు నెలల్లో చుట్టూ ఎంత పాడయిందో తర్వాతి ఫిల్ములో గీసి చూపించారు. మాకు చూపించాల్సిన పని లేదు. అయినా ఊపిరి పరీక్ష చేద్దాం అన్నారు. ఒక అమ్మాయి పెద్దమ్మ ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, గట్టిగా ఊదండి అమ్మా, ఇంకా, ఇంకా, ఆపకండి అంటూ మూడుసార్లు ఊదించింది. మూడింటిలో మంచిది తీసుకుంటారట. మూడోసారి పెద్దమ్మ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

కోత పెట్టాలంటే మామూలు మనిషి ఊపిరి బలంలో కనీసం యాభై శాతం ఉండాలని, తక్కువైతే తను చేయనని సర్జన్ ముందే చెప్పారు. యంత్రం కాగితం బయటికి తోసింది. ముప్పై ఎనిమిది శాతం.